గుట్ట పద్దు: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే సంగతి మీద ఉన్నాయి. మా గుట్ట మళ్లీ పచ్చబడాలి, డబ్బు ఎక్కడ తెచ్చుకోవాలి అని. అందుకని పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. కొత్తగా చదివేవాళ్లకు ఒక్కమాట. నేను చెట్ల చదువు చదివినదాన్ని కాను. అనంతపురం వైపు చెరువు సంఘాలకు, గుట్ట కమిటీలకు పద్దు పుస్తకాలు రాసి, ఊళ్లోవాళ్లకు రాయడం నేర్పి రిటైరైన మనిషిని. ఏ చెట్టు గురించి అడిగినా తిరిగి తిరిగి రూపాయి దగ్గరికే వస్తాను. ఓర్చుకోండి.

"అక్కా, మా గుట్ట బోడిదైపోయింది. చదువుకున్న కుర్రాళ్లం పదిమందిమి కలిసి ఐదువేల మొక్కలు నాటాలనుకుంటున్నాం. గుంటలు, మొక్కలు, ట్యాంకరు నీళ్లు అన్నీ కలిపి మూడు లక్షలు అవుతాయంటున్నారు. ఎవరిని అడిగితే ఇస్తారు?" – ఒక యువకుడు, తంబళ్లపల్లె దగ్గర

అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు తమ్ముడూ. ఇవ్వకపోతేనే మీకు మేలని నా అభిప్రాయం. కోప్పడకుండా మిగతాది చదువు.

తొలకరి పడ్డాక పదిరోజులాగి మీ పదిమందీ గుట్ట ఎక్కండి. నడుస్తూ కాదు, ఒకచోట కూచుని చూడండి. బండల సందుల్లో బలుసు, చండ్ర, రేల, కలివి, తంగేడు మోళ్ల చుట్టూ గుత్తులు గుత్తులుగా చిగుళ్లు కనిపిస్తాయి. ఒక్కో మోడుకు పది, పదిహేను పిలకలు. అవి మొక్కలు కావు, పాత చెట్లే. పైనంతా నరికేసినా కింద వేరు బతికే ఉంది. ఏటా చిగురిస్తుంది, ఏటా మేకో, గొడ్డలో, నిప్పో దాన్ని మళ్లీ నేలమట్టం చేస్తుంది. మీ గుట్ట మీద ఐదువేలకు మించే ఉంటాయి ఇలాంటివి. వాటికి గుంట అక్కర్లేదు, ట్యాంకరు అక్కర్లేదు. మోడుకు రెండో మూడో బలమైన పిలకలు ఉంచి మిగతావి కోసేసి, మూడేళ్లు కాపాడితే చాలు.

ఇది నా సొంత తెలివి కాదు. ఆఫ్రికాలో నైజర్ అనే ఎడారి అంచు దేశంలో 1980లలో టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మనిషి మారడి ప్రాంతంలో ఏళ్లపాటు మొక్కలు నాటించాడు. చాలావరకు చచ్చిపోయాయి. చివరికి పొలాల్లో జనం పొదలనుకుని కొట్టేస్తున్నవి చెట్ల మోళ్లేనని గమనించి, వాటిని పెంచుకొమ్మని రైతులకు చెప్పాడు. అక్కణ్నుంచి రైతులు ఒకరిని చూసి ఒకరు చేసుకుంటూ పోయారు. ఆ దేశంలో అలా పచ్చబడ్డ నేల 50 లక్షల హెక్టార్లని లెక్క వేశారు. అందులో నాటినవి బహు కొద్ది.

మరి డబ్బు దేనికి? కాపలాకి. అసలు ఖర్చు అదే. ఫొటోలో పడని ఖర్చు కాబట్టి దాతలకు అది రుచించదు. లెక్క చూడు. మీ ఊళ్లో రెండు వందల ఇళ్లున్నాయనుకో. ఇంటికి నెలకు 40 రూపాయలు పెట్టుకుంటే ఎనిమిది వేలు. ఊళ్లోనే గుట్ట దారి, గుట్ట మనుషులు తెలిసిన ఒక పెద్దాయనకు రోజూ సగంపూట కాపలాకు అది సరిపోతుంది. ఇవ్వలేని ఇళ్లుంటాయి. వాళ్ల పేరు రాసి, ఎదురుగా నెలకు ఒకపూట కాపలా అని రాయండి. సున్నా మాత్రం రాయొద్దు. సున్నా రాసిన ఇంటివాడు గుట్ట తనది కాదనుకుంటాడు, గొడ్డలి అక్కణ్నుంచే వస్తుంది.

ఇలా ఒక ఏడాది నడిపి, రసీదు పుస్తకం చేతిలో పెట్టుకుని అప్పుడు బయటివాళ్ల దగ్గరికి వెళ్లండి. రాతి కట్టలకు, వాన నీటి కందకాలకు ఉపాధి పనులు అడగొచ్చు. కానుగ, సీతాఫలం విత్తనాలకు ఎవరైనా ఇస్తే తీసుకోండి. మూడు లక్షలు ముందే వచ్చిపడితే మాత్రం, ఆ డబ్బున్నన్నాళ్లే గుట్ట మీద మనుషులుంటారు. అలా మూతపడ్డ పుస్తకాలు నా చేతుల మీదుగా చాలానే వెళ్లాయి.

"మా నాన్న గొర్రెల కాపరి. ఊళ్లో కమిటీ పెట్టి గుట్ట మూసేస్తామంటున్నారు. నూటపాతిక జీవాలు మేము యాడికి తోలుకుపోవాల? నాన్న చదువుకోలేదు, నేను రాస్తున్నా." – ఇంటర్ విద్యార్థిని, రొద్దం మండలం

బంగారుతల్లీ, ముందు మీ నాన్నను కమిటీలో వేయమను. కాపరి లేని గుట్ట కమిటీకి నేను పుస్తకం తెరవనని గట్టిగానే చెప్పేదాన్ని. ఊళ్లో మిగతావాళ్లు గుట్టను చూస్తారు. మీ నాన్న గుట్ట మీద ఉంటాడు. ఏ ఊటలో నీళ్లు ఎన్నాళ్లుంటాయో, ఏ వాలున గడ్డి ముందు లేస్తుందో ఆయనకు తెలిసినంత అటవీశాఖకు కూడా తెలీదు.

మీ దగ్గర్లోనే కల్పవల్లి ఉంది. నువ్వు చూసే ఉంటావు. 1990లలో ముష్టికోవెల ఊరివాళ్లతో కలిసి టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ మొదలుపెట్టిన పని అది. తర్వాత చుట్టుపక్కల ఊళ్లు చేరాయి. రెవెన్యూ లెక్కల్లో పనికిరాని బంజరు అని రాసిన ఏడువేల ఎకరాలకు పైబడ్డ గుట్టలు. నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. ఊళ్లు కాపలాదార్లను పెట్టుకున్నాయి, ఎండాకాలం నిప్పు దాటకుండా గడ్డి కోసి పట్టీలు తీశాయి. బోద గడ్డి లేచింది, వాగుల వెంట ఈత చెట్లు గుబురుకట్టాయి, తోడేళ్లు తిరిగొచ్చాయి. తోడేళ్ల సంగతి మీ నాన్నకు సంతోషంగా ఉండకపోవచ్చు, ఒప్పుకుంటాను. అక్కడ జీవాలకు తలుపు మూయలేదు. అది చెట్ల తోపు కాదు, గడ్డి నేల. మేత మేస్తేనే ఆ నేల బాగుంటుంది, ఎప్పుడు ఎక్కడ మేయాలన్నదే కట్టడి.

కాబట్టి మీ కమిటీతో ఇలా మాట్లాడండి. గుట్టను మూడు ముక్కలు చెయ్యండి. ఒక ముక్కను వానాకాలమంతా, గడ్డి గింజ రాలేదాకా వదిలేయండి. మిగతా రెండింటిలో మేపండి. మరుసటి ఏడు ముక్క మార్చండి. గొర్రెలు సరే, మేకలు మాత్రం చిగుళ్లున్న వాలుకు మూడేళ్లు పోకూడదు. ఈ మాట మీ నాన్నకు నచ్చదు, అయినా చెప్పక తప్పదు. మేకలకు సుబాబుల్, అవిసె కొమ్మలు పొలం గట్ల మీద పెంచుకునే ఏర్పాటు కమిటీ ఖర్చుతోనే జరగాలి. ముందు అది జరగాలి, ఆ తర్వాతే కట్టడి.

మేతకు రుసుం పెడతామంటున్నారని చివర్లో రాశావు. పెట్టొచ్చు, ఎంతన్నది కాపరులు కూచుని తేల్చాలి, ఆ డబ్బు గుట్ట ఖర్చుకే పోవాలి. ఇంగ్లీషువాళ్లు అడవిలో మేతకు పుల్లరి వేసి దౌర్జన్యంగా వసూలు చేస్తే పల్నాడు తిరగబడింది, 1922లో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అడిగేవాడు తెల్లవాడైనా మన ఊరి పెద్దైనా, కాపరిని అడక్కుండా వేసిన రుసుం రుసుం కాదు. ఈ ముక్క కమిటీలో చదివి వినిపించు.

"నేను న్యూజెర్సీలో ఉంటాను. మా ఊరు మడకశిర దగ్గర. ఊరి గుట్ట కమిటీకి ఐదువేల డాలర్లు పంపాలనుంది. కమిటీ అధ్యక్షుడు మా చిన్నాన్నే. ఆయన ఖాతాకు వేసేయొచ్చా?" – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

వేయొద్దు బాబూ. ముందు నీ పాస్‌పోర్టు ఏ దేశానిదో చూసుకో. మన దేశానిదైతే, అంటే నువ్వింకా భారత పౌరుడివైతే, నీ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందకు రాదు. కమిటీ పేరున రిజిస్ట్రేషన్, ఖాతా ఉంటే నేరుగా వేయొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే లెక్క మారిపోతుంది. అప్పుడది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020లో చట్టం మార్చాక, ఒక సంస్థ తీసుకుని ఇంకో చిన్న సంఘానికి పంచిపెట్టడానికీ వీల్లేదు. ఊరి కమిటీలకు ఇది గట్టి దెబ్బే. పెద్ద సంస్థ డబ్బు తెచ్చి ఊరికి చేర్చే దారి మూసుకుపోయింది. ఇప్పుడు ఆ సంస్థే వచ్చి పని చేయించాలి, ఊరి పుస్తకంలో ఆ రూపాయి కనిపించదు.

చిన్నాన్నకు బంధువుగా పంపి ఆయన కమిటీకి ఇస్తే సరిపోతుంది కదా అని నీకు ఎవరో ఒకరు చెబుతారు. దొడ్డిదారి అది. రేపు ఊళ్లో ఎన్నికలప్పుడు ఎవరో పిటిషన్ పెడితే పోయేది చిన్నాన్న పరువు.

ఇంకోమాట. ఐదువేల డాలర్లు ఒకేసారి ఎందుకు? భారత పాస్‌పోర్టే అయితే, ఊరు చందా ఎంత వేస్తే నువ్వూ అంతే వేస్తానని మాటివ్వు. ఊరు ఆర్నెల్లలో 30 వేలు పోగేస్తే నువ్వు 30 వేలు. ఊరు మానేస్తే నువ్వూ మానేసెయ్. అప్పుడు ఊరి జనం నీ డబ్బుకోసమైనా చందా కడతారు, కట్టాక లెక్క అడుగుతారు. నాకు కావాల్సింది ఆ అడగడం.

"మేం వెయ్యి మొక్కలు నాటాం. పేపర్లో కూడా పడింది. మా గురించి మీ పేజీలో రాస్తారా?" – యువజన సంఘం, పేరు రాశారు గానీ వేయడం లేదు

రెండు వేసవులు దాటాక బతికున్నవి ఎన్నో లెక్కపెట్టి రాయండి, తప్పకుండా వేస్తాను. కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో మొదలుపెట్టిన గ్రీన్‌బెల్ట్ ఉద్యమంలో నారు పెంచిన ఆడవాళ్లకు ఇచ్చే చిన్న మొత్తం నాటిన మొక్కకు కాదు, బతికిన మొక్కకు. ఆమెకు 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మీకు నా పేజీ.

"మాది ఉట్నూరు వైపు గోండు గూడెం. మా అడవి రిజర్వులో ఉంది. మేమే కాపాడుకుంటాం, వెదురూ తునికాకూ మేమే అమ్ముకుంటాం అంటే వన సంరక్షణ సమితి ఉంది కదా చాలు అంటున్నారు. చాలా?" – ఒక టీచర్

చాలదు సార్. వన సంరక్షణ సమితి 1992 నుంచీ ఉన్న ఏర్పాటు. అందులో అడవి అటవీశాఖది, మీరు పాలుపంచుకునేవాళ్లు. ప్రాజెక్టు డబ్బున్నప్పుడు సమితి ఉంటుంది, డబ్బైపోతే బోర్డు మిగులుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చేది వేరు. సామూహిక అటవీ వనరు మీద హక్కు వస్తే అడవిని కాపాడటం, పునరుద్ధరించడం, నిర్వహించడం గ్రామసభ హక్కు. వెదురు, తునికాకు సహా చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మీదే. కలప మాత్రం అందులో లేదు.

దరఖాస్తు ఫారం-సి. చాలా గూడేల్లో వ్యక్తిగత పట్టాల ఫారం-ఎ మాత్రమే నింపించి వదిలేశారు. మీ గూడెంలో ఏం నింపారో ముందు కనుక్కోండి. గ్రామసభ తీర్మానం, పాత సరిహద్దుల పటం, పెద్దవాళ్ల వాంగ్మూలాలు జతచేయాలి. పోచమ్మ గద్దె, పాత దొడ్లు, శ్మశానాలు, వాగుల పేర్లు కూడా సాక్ష్యమే, పటంలో రాయండి. మీరు గోండులు కాబట్టి డెబ్బై ఐదేళ్లుగా అక్కడే ఉంటున్నామన్న రుజువు అడగకూడదు, అది గిరిజనేతరులకు పెట్టిన నిబంధన. అడిగితే చట్టం చూపించండి.

ప్రాణహిత అవతల గడ్చిరోలిలో మెంఢా లేఖ అనే గోండు ఊరికి వెళ్లి రండి. మీకు భాష కూడా అడ్డు కాదు. 2009లో దాదాపు 1,800 హెక్టార్ల మీద వాళ్లకు హక్కు పత్రం వచ్చింది. పత్రం వచ్చినా వెదురు బయటికి తోలడానికి పర్మిట్ ఇవ్వలేదు. రెండేళ్లు పోట్లాడాక 2011 ఏప్రిల్లో అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ స్వయంగా ఆ ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికిచ్చారు. ఊరి పని మీద వచ్చిన కూలీలో పదోవంతు గ్రామ నిధికి వేయడం అక్కడి ఆనవాయితీ. హక్కు రాకముందునుంచే ఆ నిధి ఉంది. పోట్లాట రెండేళ్లు నిలిచిందంటే, చార్జీలకు ఎవరి దగ్గరా చెయ్యి చాచాల్సిన పనిలేకపోవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

"మా గుట్ట కమిటీ ఖాతాలో గడ్డి వేలం, సీతాఫలం వేలం డబ్బు కలిపి ఎనభై వేలు చేరింది. సగం గుడి ప్రహరీకి ఇద్దామని పెద్దలు అంటున్నారు. నేను కోశాధికారిని, సంతకం పెట్టాలి. కాదంటే అమ్మవారికి అడ్డుపడిందంటారు." – ఒక పొదుపు సంఘం సభ్యురాలు, కదిరి వైపు

చెల్లీ, అమ్మవారి పేరు ఎత్తకు. డబ్బు పేరే ఎత్తు. మీటింగు పెట్టించి, వచ్చే ఏడాది గుట్ట ఖర్చు ఎంతో పైకి చదువు. కాపలాదారు జీతం పన్నెండు నెలలకు ఎంత, నిప్పు పట్టీలు తీయడానికి కూలీ ఎంత, తెగిన రాతికట్ట బాగుకు ఎంత. అది పక్కన పెట్టాక మిగిలితే గుడికిస్తారో బడికిస్తారో ఊరి ఇష్టం. నేపాల్‌లో 1993 అటవీ చట్టం వచ్చాక ఇరవై వేలకు పైగా అటవీ వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. అడవి మీద వచ్చే ఆదాయం వాళ్ల ఖాతాలోనే ఉంటుంది, వాళ్లే ఖర్చుపెడతారు. కానీ అందులో కనీసం పాతిక శాతం మళ్లీ అడవికే పెట్టాలని నియమం. మీకు పాతిక చాలదు, గుట్ట ఇంకా పసిది. సగానికి తగ్గకుండా పెట్టుకోండి.

ఇక పుస్తకం సంగతి. తీర్మానాల పుస్తకంలో పేజీ నంబర్లు ముందే వేసి పెట్టుకో. నగదు పుస్తకంలో కొట్టివేత ఉంటే పక్కన నీ సంతకం. వైటనర్ వాడొద్దు. 'ఇతరములు' అనే పద్దు రాయనివ్వకు. ఊరి డబ్బు పోయే బొక్క అదే, ప్రతి పుస్తకంలోనూ చూశాను. టీలకైతే టీలని రాయి. సిగ్గేం ఉంది? చెక్కు మీద ఇద్దరి సంతకాలుంటే రెండోది నీది, ఖాళీ చెక్కు మీద ఎవరడిగినా పెట్టకు, మీ ఆయన అడిగినా.

"కార్బన్ కంపెనీ అని ఒకరొచ్చారు. గుట్ట మీద చెట్లు పెంచితే ముప్పై ఏళ్లు డబ్బిస్తారట. సంతకం పెట్టమంటున్నారు." – గుట్ట కమిటీ, పుంగనూరు దగ్గర

ముందు గుట్ట ఎవరిదో తేల్చండి. ఊరి భూముల లెక్క రాసే అడంగల్ తీసి చూడండి. మేత పోరంబోకా, గుట్ట పోరంబోకా, రిజర్వా, ఎవరి పేరునైనా సర్కారు పంచిన భూమి పట్టాలు (డీకేటీ) ఉన్నాయా? మీది కాని భూమి మీద మీ సంతకానికి విలువేంటి? దేనికి సంతకం చేయిస్తున్నారు? కల్పవల్లి గుట్టల్ని ఊళ్లు ఇరవై ఏళ్లు కాపాడినా, కాగితం మీద అవి బంజరు గానే ఉండిపోయాయి. గాలిమరల కోసం కేటాయించి వాలు మీద రోడ్లు కోసేసినప్పుడు ఊళ్లు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. చెట్లు పెంచడానికి పడ్డ శ్రమలో పదో వంతైనా కాగితం మీద పడాలి.

భూమి తేలాక ఒప్పందం తెలుగులో అడగండి. మూడు చోట్ల వేలు పెట్టి అడగండి. ముప్పై ఏళ్లలో కరువొచ్చి చెట్లు చస్తే ఎవరు కట్టాలి? మేత, కట్టెపుల్ల ఆపమంటారా? చెట్లు పీల్చుకున్న కార్బన్‌ను టన్ను ఎంతకమ్మారో మాకు చూపిస్తారా? ఎకరానికి ఎన్ని చెట్లు నాటాలన్నదీ చూడండి. కేంద్రం గ్రీన్ క్రెడిట్ అనే చెట్ల పెంపకం పథకం కింద 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన పద్ధతిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లన్నారు. మన రాతి గుట్టకు, గడ్డి నేలకు అది పొసగదు. గడ్డి పోతే గొర్రె పోతుంది, గొర్రె పోతే కాపరి కమిటీ వదిలేస్తాడు. ఆర్నెల్లు ఆగమనండి. ఆగనంటే వద్దనేయండి.

"గుట్టకు ఏటా నిప్పంటుకుంటోంది. ఎవరు పెడుతున్నారో తెలీదు. ఏం చెయ్యాలి?" – ముదిగుబ్బ

ఎవరన్నది వదిలేయండి, తేలదు, తేలితే ఊరు రెండవుతుంది. సంక్రాంతి అయిన వారంలోనే, గడ్డి పూర్తిగా ఎండకముందే, దారులకు రెండువైపులా, గుట్ట నడుం చుట్టూ నాలుగు మీటర్ల పట్టీ గడ్డి కోసేయండి. కోసిన గడ్డి కోసినవాళ్లకే అంటే కూలీ ఖర్చు సగం తగ్గుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా రెండో కాపలా మనిషిని పెట్టుకోండి, ఆ నాలుగు నెలల జీతం ఇప్పుడే పక్కన తీసిపెట్టండి. నిప్పు కొట్టి ఆర్పడానికి పచ్చి వేపమండలు కట్టలు కట్టి గుట్ట కింద రెండు మూడు ఇళ్ల దగ్గర ఉంచండి, వారానికోసారి మార్చాలి. పొగ కనబడితే ఫోన్ చేసినవాడికి కమిటీ రీచార్జి చేయిస్తుందని ఊళ్లో చాటించండి. ఆ ఖర్చు 'నిప్పు' పద్దులోనే రాయండి.